చెయ్యి వణకలేదు

ఎన్నికలు ముగిసిన నాలుగో రోజు, శనివారం, రెఫూహియో సుబియాతె పేరు మీద జిల్లా ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో అందరూ ఆమెను కూకా అనే పిలుస్తారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఆమె పేరు మీద ఆ ఇంటికి ఉత్తరం రావడమే ఓ వింత. కరెంటు బిల్లు కూడా, పోయినేడు చనిపోయిన మొగుడి పేరు మీదే ఇంకా వస్తోంది. కళ్ళజోడు ఏప్రనుకు తుడుచుకుని గుమ్మంలోనే నిలబడి చదివింది.

పోస్టులో మీరు పంపిన ఓటు కవరు మీది సంతకం మా దగ్గరున్న మీ పాత సంతకాలతో కలవలేదు, వచ్చే బుధవారం సాయంత్రం అయిదింటిలోగా మీరే స్వయంగా వచ్చి అది మీదేనని చెప్పకపోతే ఓటు లెక్కలోకి రాదు. అదీ దాని సారాంశం.

కూకా రెండోసారి చదివింది. మూడోసారి చదివేసరికి ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ కవరు మీద సంతకం పెట్టింది అక్షరాలా ఆమే. తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తన చేత్తో పెట్టింది. ఆఫీసువాళ్ళ దగ్గరున్న ఆ పాత సంతకాలున్నాయి చూశారూ, అవే ఆమెవి కావు.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ఓటు ఆదివారం గురించి చెప్పాలి. సాన్ ఆర్సేనియో రాగి గని ఊరు. ఆరిజోనాలో మిగతా ఊళ్ళు ఏమన్నా చేసుకోనీ, ఇక్కడ మాత్రం ఓటంటే గాడిద గుర్తే, యూనియన్ చెప్పిన గుర్తే. ఓట్లు పోస్టులో పంపుకోవచ్చని ప్రభుత్వం అన్న నాటి నుంచీ, ఎన్నికలకు రెండు వారాల ముందు ఆదివారం, చర్చిలో పూజ కాగానే జనమంతా యూనియన్ హాలుకు చేరేవారు. ఆడవాళ్ళు వెనక వంటగదిలో పెద్ద పెద్ద డేగిసాల్లో బోటి పులుసు కాచేవారు. మగవాళ్ళు ముందు హాల్లో పొడుగు బల్లల దగ్గర కూర్చుని, యూనియన్ అచ్చువేసిన చీటీ పక్కన పెట్టుకుని, ఇంటిల్లిపాది ఓట్లూ నింపి, కవర్లు అంటించి, సంతకాలు పెట్టేసేవారు. ఇంటికొక కలం. పులుసు దింపేలోపల ఎన్నిక అయిపోయేది.

దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. మగవాళ్ళూ అనుకోలేదు, వంటగదిలో ఆడవాళ్ళూ అనుకోలేదు. పని పంచుకున్నాం అనుకున్నారు. కూకా మొగుడు ఎలిసేయో పాతికేళ్ళు యూనియన్ అధ్యక్షుడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు గాని, అతనివి బతికున్నప్పుడూ చారెడే. గొప్ప మనిషి, మంచి మనిషి, ఒక్క మాటకు మూడొందల మందిని గని గేటు ముందు నిలబెట్టగలిగిన మనిషి. పెళ్ళాం పేరును పెద్ద అక్షరాలతో, మొదటి అక్షరం తోక పేరంతటి కిందుగా బారున లాగి, ఎంతో దర్జాగా రాసేవాడు. రిజిస్ట్రేషన్ కాగితం మీదా అతని చెయ్యే, ఇరవై ఏళ్ళ ఓటు కవర్ల మీదా అతని చెయ్యే.

అతను పోయాక ఇదే మొదటి ఎన్నిక. ఓటు ఆదివారం నాడు కూకా జలుబు చేసిందని చెప్పి ఇంట్లో ఉండిపోయింది. జలుబూ లేదు, గిలుబూ లేదు. ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి రెండు సాయంత్రాలు చదివింది. ఎన్ని పేర్లున్నాయో చూసి ఆశ్చర్యపోయింది. బడి కమిటీ దగ్గర్నుంచి న్యాయమూర్తి దాకా ఇంతమంది తన కోసం నిలబడ్డారని డెబ్భై నాలుగేళ్ళకు తెలిసింది. ఒక్కొక్క గడీ నింపింది, కవరు మీద గుండ్రటి బడిపిల్ల అక్షరాలతో పేరు రాసింది. అంతకుముందు ఆమె తన పేరు పూర్తిగా రాసింది ఆసుపత్రిలో, ఎలిసేయో శవాన్ని తెచ్చుకోవడానికి.

ఇప్పుడు ఆ రాత చెల్లదట.

ఊరేమో ఆ వారమంతా గోలగోలగా ఉంది. ఎప్పుడూ నూటికి ఎనభై గాడిదకు పడే ఊళ్ళో ఈసారి యాభై ఒకటే పడ్డాయి. శాసనసభ సీటుకు యూనియన్ నిలబెట్టిన మనిషి ఏనుగు గుర్తువాడి కన్నా పద్నాలుగు ఓట్లు వెనకబడ్డాడు. ఫీనిక్స్ నుంచి టీవీవాళ్ళు వచ్చి ఎండిపోయిన చెరువును చూడ్డానికి వచ్చినట్టు హాలు ముందు నిలబడి మాట్లాడారు. స్టూడియోలో టై కట్టుకున్న పెద్దమనుషులు రంగుల పటాలు చూపించి, కూలి జనం ఏనుగు వైపు జరిగారన్నారు, మెక్సికన్ కుటుంబాలు జరిగాయన్నారు, వయసు మళ్ళిన ఆడవాళ్ళు కూడా జరిగారన్నారు. జరగడానికి వాళ్ళేమైనా మంచాలా? పోయిన ఎన్నికల్లో జోస్యం చెప్పి బోల్తాపడ్డ బల్లులే మళ్ళీ శకునాలు చెబుతున్నాయి. ఒక్కడైనా వంటగదిలోకి వచ్చి ఇన్నాళ్ళూ కలం ఎవరి చేతిలో ఉందమ్మా అని అడగలేదు.

ఆదివారం పొద్దున కూకా కొడుకు రమీరో వచ్చాడు. ఇప్పుడు యూనియన్ అధ్యక్షుడు వాడే. తండ్రి ఎనభై తెచ్చిన చోట తను యాభై ఒకటి తెచ్చానని వాడి ముఖం వాడిపోయి ఉంది. సంతకాలు కలవక ఆగిపోయిన ఓట్ల జాబితా పార్టీలవాళ్ళకు ఇస్తారు, అందులో అమ్మ పేరు చూశాడు. పద్నాలుగు ఓట్ల తేడా, జిల్లాలో అరవై కవర్లు ఆగిపోయాయి, ఒక్కొక్క ఓటూ ప్రాణంతో సమానం అని చెప్పి, గుడ్లు, బీన్స్ పెట్టిన పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"రేపు నేనే తీసుకెళ్తానమ్మా. చెయ్యి వణుకుతోందని ఒక్క ముక్క రాసెయ్. రెండు నిమిషాల పని."

"నా చెయ్యి వణకట్లేదు కదరా."

"వణకదు. వణుకుతోందని రాస్తావంతే. అందరూ అదే రాస్తున్నారు."

"పాతవి మీ నాన్న పెట్టినవని రాస్తాను," అంది కూకా.

రమీరో చెంచా కింద పెట్టాడు. తలుపు వైపు చూశాడు, ఎవరన్నా విన్నారేమోనని. తర్వాత గొంతు తగ్గించి చాలాసేపు చెప్పాడు. నాన్న పేరు హాలు నెత్తిన అడుగెత్తు అక్షరాలతో ఉందన్నాడు. ఇరవై ఏళ్ళు దొంగ సంతకాలని రేపు పేపర్లో వేస్తారన్నాడు. నాన్న సమాధి మీద పువ్వులు ఇంకా వాడలేదన్నాడు. అది అబద్ధం, ఆ పువ్వులు ప్లాస్టిక్‌వి.

"ఇది మన ఓటు గురించమ్మా. నాన్న పరువు తియ్యకుండా మన ఓటు మనం కాపాడుకుందాం."

"మన ఓటు కాదు. నా ఓటు."

ఆ మాటకు వాడు తల్లి ముఖంలోకి అదోలా చూశాడు. ఏదో లెక్క కట్టుకున్నాడు. లేచి టోపీ పెట్టుకుని, అయితే వెళ్ళనేవద్దన్నాడు, ఒక్క ఓటుతో కొంపలేం మునగవన్నాడు. అయిదు నిమిషాల క్రితం అదే ఓటు ప్రాణంతో సమానమన్న నోరది. కూకా వాడి పళ్ళెం తీసి, తిననివి కుక్కకు వేసింది. ఆమెకు కన్నీళ్ళు రాలేదు, కోపమొచ్చింది. యాభై రెండేళ్ళ కాపురంలో మొగుడి మీద రావలసిన కోపమంతా అరియర్స్‌తో సహా ఆ పూట వచ్చింది.

సోమవారం ఇద్దరొచ్చారు. పొద్దున గాడిద పార్టీ మనిషి, మధ్యాహ్నం ఏనుగు పార్టీ ఆవిడ. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే జాబితా, ఇద్దరి నోట్లోనూ ఒకటే తీపి. మీకు సాయం చెయ్యడానికే వచ్చామన్నారు. కారులో తీసుకెళ్తామన్నారు. కాకపోతే ముందుగా, మాటవరసకి, ఓటు ఎటు వేశారో సూచనగా చెబితే బావుంటుందన్నారు. తమవైపు కాకపోతే పెట్రోలు దండగ కదా మరి. కూకా ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి ఇద్దరినీ పంపేసింది.

జిల్లా ఆఫీసు నలభై మైళ్ళ దూరంలో ఉంది. కూకాకు డ్రైవింగు రాదు. ఎలిసేయో నేర్పలేదు, ఆమె అడగలేదు. మంగళవారమంతా తెలిసినవాళ్ళకు ఫోన్లు చేసింది. అందరికీ హఠాత్తుగా పనులొచ్చి పడ్డాయి. అధ్యక్షుడు వద్దన్నాడని ఒక్కరూ అనలేదు, అన్నాడని అందరి గొంతులోనూ తెలుస్తోంది. ఇక మిగిలింది ఒకే ఒక్క కారు. అది పక్కింట్లోనే, కంచెకు అవతల ఉంది.

ఆ కారు ఎర్నెస్తీనా కిరోస్‌ది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. రమీరోకు జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది ఎర్నెస్తీనాయే. ఎనభై మూడులో గని సమ్మె జరిగినప్పుడు ఆమె మొగుడు, ఇంట్లో జబ్బుపిల్ల ఉందని, గేటు దాటి పనిలోకి వెళ్ళాడు. ఆ వారమే వాళ్ళ గోడ మీద ఎర్ర రంగుతో సమ్మెద్రోహి అన్న మాట వెలిసింది. అప్పట్నుంచి ముప్పై తొమ్మిదేళ్ళు రెండిళ్ళ మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ మొగుడూ పోయాడు, ఈ మొగుడూ పోయాడు. ఆడవాళ్ళిద్దరూ ఒకే కంచెకు అటూ ఇటూ బట్టలారేసుకుంటూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా ముసలివాళ్ళయ్యారు.

బుధవారం పొద్దున కూకా మంచి బట్టలు కట్టుకుని, చేతిసంచీలో ఉత్తరం పెట్టుకుని, వెళ్ళి ఆ తలుపు తట్టింది.

ఎర్నెస్తీనా తలుపు తీసి, మనిషిని కింద నుంచి పైదాకా చూసింది.

"వదినా, కారు నడుస్తోందా?" అంది కూకా.

"ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత అడిగే మాట ఇదా?"

"ఇంకేం అడిగే ముఖం లేదు నాకు. తలుపేసుకుంటానంటే వేసుకో."

ఎర్నెస్తీనా తలుపు వెయ్యలేదు. అక్కడే నిలబడి, తాను ఆ గోడకు ఆరుసార్లు సున్నం వేయించానని, వాన పడితే ఆ మాట ఇప్పటికీ పైకి తేలుతుందని, రాసిన చెయ్యి ఎవరిదో ఊరందరికీ తెలిసినా ఒక్కళ్ళూ చెప్పలేదని, అందులో నువ్వూ ఒకదానివని చెప్పింది. కూకా తల దించుకోలేదు. అవును, నేనూ ఒకదాన్ని, తెలిసీ నోరు మూసుకున్నాను, అంది. ఎర్నెస్తీనాకు కావలసింది అన్నేళ్ళూ ఆ ఒక్క మాటేనేమో. లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చుకుంది.

దారిలో కూకా ఉత్తరం సంగతంతా చెప్పింది. ఎర్నెస్తీనా మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఓటు ఎవరికేశావని కూడా అడగలేదు. బెల్టు సరిగా పెట్టుకోమని మాత్రం రెండుసార్లు కసిరింది.

ఆఫీసులో కౌంటరు దగ్గర చిన్నమ్మాయి ఉంది. మర్యాద తెలిసిన పిల్ల. గుర్తింపు కార్డు చూసి, ఒక కాగితం ముందుకు జరిపి, సంతకం ఎందుకు మారిందో కారణం దగ్గర టిక్కు పెట్టాలంది. జబ్బు, గాయం, తొందర, వయసు వల్ల చెయ్యి వణకడం, ఇతరం.

"మీరు సాన్ ఆర్సేనియో వారే కదా మామ్మగారూ. వణుకు దగ్గర నేనే టిక్కు పెట్టేస్తాను. మీ ఊరి నుంచి ఇప్పటికి ఆరుగురొచ్చారు, అందరిదీ అదే." ఆ పిల్ల గొంతు తగ్గించి అడిగింది. "గని నీళ్ళ వల్లనా అండీ? అందరూ మామ్మలే, అందరికీ ఒకేసారి వణుకొచ్చింది."

ఆ ఆరుగురూ ఎవరో కూకాకు చెప్పనక్కర్లేదు. హాలు వంటగదిలో తన పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగినవాళ్ళు. మొగుళ్ళు పోయినవాళ్ళు. ఈ ఏడాది ఆ ఆరుగురికీ ఓటు ఆదివారం నాడు తనలాగే జలుబు చేసింది కాబోలు. తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఒక్కొక్కతీ తనొక్కతే అనుకుని, ఈ కౌంటరు దాకా వచ్చి, చనిపోయిన మొగుడి పరువు కోసం, నిక్షేపంలాంటి చెయ్యి వణుకుతోందని రాసిచ్చి వెళ్ళింది. కూకాకు పట్టుదల హెచ్చింది.

కుడిచేతిని చాచి కౌంటరు మీద గాలిలో పట్టుకుంది. ఆ పిల్లా చూసింది, వెనక నిలబడ్డ ఎర్నెస్తీనా కూడా చూసింది. చెయ్యి అలాగే నిలబడింది.

"వణుకుతోందామ్మా?"

"లేదండీ."

"అయితే వణుకని పెట్టకు. మీ దగ్గరున్న పాత సంతకం చూపించు."

ఆ అమ్మాయి కంప్యూటరు తెరను ఇటు తిప్పింది. దర్జాగా, తోక బారున లాగిన సంతకం. ఎర్నెస్తీనా కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. ఎర్ర రంగు లేదన్న మాటే గాని, ఆ తోకను ముప్పై తొమ్మిదేళ్ళు వాన పడ్డప్పుడల్లా చూసిన మనిషి ఆమె.

"ఇది నా గోడ మీది చెయ్యే," అంది నెమ్మదిగా.

"అవును వదినా, ఆ చెయ్యే," అంది కూకా. అని ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఈ పాతవేవీ నావి కావు. మా ఆయన పెట్టేవాడు. నేను వెనకాల వంట చేస్తుండేదాన్ని. కవరు మీదిది ఒక్కటే నాది. రాసుకో."

ఆ అమ్మాయి చుట్టూ చూసి, మామ్మగారూ, ఆ మాట మీరంటే నేను కాగితం మీద పెట్టాల్సి వస్తుంది, పెద్దవాళ్ళు చదువుతారు, అడుగుతారు, వణుకంటే ఏ గొడవా ఉండదు, అని బతిమాలినట్టు చెప్పింది. అడగనీ, అడిగితే చెబుతాను, చనిపోయినవాణ్ణి జైల్లో పెట్టలేరు, నన్ను పెట్టాలనుకుంటే రోజూ ఇంట్లోనే ఉంటాను, అంది కూకా.

"కానీ పాతవి మీవి కాకపోతే, ఇది మీదేనని దేంతో పోల్చనండీ?"

కూకా కౌంటరు మీది కలం తీసుకుంది. ఖాళీ కాగితం ఒకటి లాక్కుని, నిలబడే తన పేరు రాసింది. దాని కింద మళ్ళీ రాసింది. గుండ్రటి బడిపిల్ల అక్షరాలు, తోక లేని మొదటి అక్షరం. కాగితం కింది దాకా పదకొండుసార్లు రాసి అటు తిప్పింది. ఆ అమ్మాయి కవరు బొమ్మను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. చివరికి, ఇతరం అన్న గడిలో, ఓటరు చెప్పిన మాటలు చెప్పినట్టే రాసి, సరిపోయిందండీ, మీ ఓటు లెక్కలోకి వెళ్తుంది, అంది.

కూకా వెంటనే కదలలేదు. పాత సంతకం తీసేసి కొత్తది పెట్టించుకునే కాగితం ఏమన్నా ఉందా అని అడిగింది. ఉందంది ఆ అమ్మాయి. తనది నింపి ఇచ్చేశాక, అలాంటివి ఇంకో పాతిక ఇవ్వమంది.

"పాతికెందుకండీ?"

"మా ఊళ్ళో వణుకు ఎక్కువగా ఉంది కదా, అందుకు," అంది కూకా. ఎర్నెస్తీనా నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున చర్చిలో జపమాల చదివాక కూకా ఆ కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది, ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. కాఫీ అయ్యేసరికి తొమ్మిది మిగిలాయి. మధ్యాహ్నానికి, మొగుళ్ళు ఇంకా బతికే ఉన్న ఆడవాళ్ళు కూడా వచ్చి అడిగి మరీ అవీ పట్టుకెళ్ళారు. ఆ రోజు సాయంత్రం ఎన్ని ఇళ్ళలో భోజనాల దగ్గర మాటలు ఆగిపోయాయో దేవుడికే తెలియాలి.

శుక్రవారం సాయంత్రానికి లెక్క తేలింది. పద్నాలుగు కాస్తా తొమ్మిదైంది, సీటు మాత్రం పోయింది. కూకా స్టవ్వు దగ్గర టోర్టియాలు కాలుస్తోంది. టీవీలో టై కట్టుకున్న మనిషి సాన్ ఆర్సేనియో ఆడవాళ్ళ మనసులో ఏముందో వేలు పెట్టి పటం మీద చూపిస్తున్నాడు. కూకా ఆ మనిషి నోరు కట్టేసింది.

అప్పుడొచ్చాడు రమీరో. ఆదివారం తర్వాత రావడం అదే. కూర్చోలేదు, టోపీ తియ్యలేదు. ఊరంతా కాగితాలు పంచావట అన్నాడు. ఎర్నెస్తీనా కారెక్కావట అన్నాడు. నాన్న ఉంటే ఏమనేవాడో తెలుసా అన్నాడు.

"తెలుసు. ఏమనేవాడో యాభై రెండేళ్ళు విన్నాను," అంది కూకా. "నేనేం ఆయన్ని తిట్టలేదురా. మంచివాడే. నేనేడ్చినంత నువ్వు ఏడవలేదు ఆయన కోసం. హాలు మీద మీ నాన్న పేరుంది, ఉండనీ. చెరపమని నేననలేదు. కవరు మీద నా పేరుంది. అదీ ఉండనీ."

పెనం మీద టోర్టియా పొంగింది, ఆమె తిరగేసింది. రమీరో టోపీ తీసి చేతిలో పట్టుకుని, చిన్నప్పుడు తప్పు చేసి వచ్చిన గొంతుతో అడిగాడు.

"ఎవరికేశావమ్మా?"

కూకా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. ఆమెకు నిజంగా సంతోషం వేసింది.

"ఇరవయ్యొక్కేళ్ళు నిండినప్పటి నుంచీ ఓటున్న మనిషిని నేను. మా నాన్న అడగలేదు, మీ నాన్న అడగలేదు. వాళ్ళకు తెలుసనుకున్నారు. నా కడుపున పుట్టినవాడివి, నువ్వడిగావు. కూర్చో."

రమీరో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తల్లి ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఎదురుచూశాడు.

"చెప్పను," అంది కూకా, వేడి టోర్టియా వాడి పళ్ళెంలో వేస్తూ.